గే స్టూడెంట్లకు స్కాలర్‌షిప్పులు నిజంగా ఉన్నాయా? నెల్లూరు జిల్లా నుంచి అడుగుతున్నా

కావలి కుర్రోడు:

అన్నలూ, అక్కలూ, తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. బీటెక్ కంప్యూటర్స్ మూడో ఏడు, కన్వీనర్ సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తోంది. నేను గే. క్లాసులో నలుగురైదుగురికి తెలుసు, ఇంట్లో తెలీదు. అమెరికాలో గే అని బాహాటంగా చెప్పుకునే పిల్లలకు విడిగా స్కాలర్‌షిప్పులు ఇస్తారంట. మన దగ్గర అట్టాంటివి ఏమన్నా ఉన్నాయా? స్మైల్ పథకంలో ఏడాదికి 13,500 ఇస్తారు, ట్రాన్స్‌జెండర్ అని టిక్కు పెట్టి అప్లై చేసెయ్ అని ఒకడు సలహా ఇచ్చాడు. చెయ్యొచ్చా? ఎమ్మెస్‌కి పోవాలంటే ఆ అమెరికా డబ్బుల మీద ఆశ పెట్టుకోవచ్చా? ఇంకోటి, ఏ ఫారం నింపినా నాన్న ఫోనుకి మెసేజ్ పోతుందేమోనని భయం. నా ఆధార్‌కి ఉండేది ఆయన నంబరే.

మొలగొలుకులు:

ముందు ఆ టిక్కు సంగతి. పెట్టబాకు.

స్మైల్ స్కాలర్‌షిప్పు ట్రాన్స్‌జెండర్ విద్యార్థులకు, తొమ్మిదో తరగతి నుంచి పీజీ దాకా. దానికి కావాల్సింది టిక్కు కాదు, ట్రాన్స్‌జెండర్ గుర్తింపు సర్టిఫికెట్. 2019 చట్టం కింద కేంద్రం పోర్టల్‌లో దరఖాస్తు పెడితే అది కలెక్టర్ నుంచి వస్తుంది. నువ్వు మగాడివి, మగాళ్లను ఇష్టపడతావు, అంతే గదా. అది గే, ట్రాన్స్‌జెండర్ కాదు. ట్రాన్స్‌జెండర్లను వెనకబడినవాళ్లుగా చూసి చదువుల్లో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఇవ్వమని 2014లో నల్సా తీర్పు వచ్చింది. అందులోకి గేలు, లెస్బియన్లు, బైసెక్సువల్స్ వస్తారా అని కేంద్రమే మళ్లీ అడిగితే, రారని 2016 జూన్ 30న సుప్రీంకోర్టు తేల్చేసింది. కాబట్టి దీంట్లో వాదించుకోడానికి ఏమీ మిగల్లేదు. దొంగ అఫిడవిట్ ఇస్తే అది నేరం. ఒకవేళ సర్టిఫికెట్ చేతికొచ్చినా, మార్కుల మెమోలో మగ, ఆధార్‌లో మగ, ఇందులో మాత్రం ట్రాన్స్‌జెండర్ అని ఉంటే స్కాలర్‌షిప్ పోర్టల్ దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా ఎక్కడ పడితే అక్కడ తగులుకుంటుంది. 13,500 కోసం ఆ తంటా ఎందుకు? అది నిజంగా ట్రాన్స్ పిల్లలకు చేరాల్సిన డబ్బు కూడా. ట్రాన్స్ అయి ఉండి గే కూడా అయినవాళ్లు ఉంటారు, వాళ్లు నిక్షేపంగా పెట్టుకోవచ్చు. వాళ్లలో ఎవరన్నా ఇది చదువుతుంటే, ఇగ్నోలో 2017 నుంచి ట్రాన్స్‌జెండర్లకు ఫీజు మాఫీ ఉంది, దాన్నీ చూసుకోండి.

ఇక అసలు ప్రశ్న. గే అన్న ఒక్క కారణం మీద ఇచ్చే సర్కారు స్కాలర్‌షిప్పు మన దేశంలో లేదు. కేంద్రానిదీ లేదు, రాష్ట్రానిదీ లేదు. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన 377 సెక్షన్ మీద 2018 సెప్టెంబరు 6న వచ్చిన తీర్పు ఇది నేరం కాదంది, అంతవరకే. ప్రైవేటులో కేశవ్ సూరి ఫౌండేషన్ ఎల్‌జీబీటీ విద్యార్థుల చదువుకి సాయం చేసింది, హోటల్ మేనేజ్‌మెంట్ వైపు ఎక్కువ. బీటెక్ వాడికి అది అక్కరకు రాదు.

అందుకని నీ దారి వేరే. మన దగ్గర స్కాలర్‌షిప్పులు ఆదాయం చూసో, కులం చూసో, మార్కులు చూసో ఇస్తారు. ఏ ఫారంలోనూ నువ్వు ఎవర్ని ఇష్టపడతావని అడగరు. అడగని చోట చెప్పాల్సిన పనే లేదు. ఇప్పుడు వస్తున్న రీయింబర్స్‌మెంట్‌ని కాపాడుకో, అదే నీకు పెద్ద స్కాలర్‌షిప్పు. హాజరు 75 శాతం తగ్గిందా, ఆగిపోతుంది. కుటుంబ ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు. సొంత కారు ఉండకూడదు, టాక్సీ, ఆటో, ట్రాక్టరు అయితే పర్లేదు. మెట్ట అయితే 25 ఎకరాలు, మాగాణి అయితే 10 ఎకరాల లోపు ఉండాలి. చాలామందికి ఎక్కడ దెబ్బ పడుతుందంటే, బాబాయో మామో లోను కోసం మీ నాన్న పేరు మీద కారు కొంటాడు. సచివాలయంలో వెరిఫికేషన్‌కి వచ్చినప్పుడు ఆ కారు బయటపడి పిల్లోడి ఫీజు ఆగుతుంది.

కేంద్రం వాళ్ల సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్పు నీకు దాటిపోయింది. ఇంటర్ అయ్యాక డిగ్రీ మొదటి ఏట్లోనే కొత్తగా పెట్టుకోవాలి. ఇది చదివే ఇంటర్ పిల్లల కోసం చెప్తున్నా: మీ గ్రూపులో 80 పర్సంటైల్ పైన ఉండాలి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండాలి, అప్పుడు డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000 ఇస్తారు. రీయింబర్స్‌మెంట్ తీసుకుంటూ ఇది కూడా తీసుకోడం కుదరదు. రెండిట్లో ఏది పెద్దదో లెక్కేసుకోండి. బీటెక్ కన్వీనర్ సీటు వాళ్లకు చాలావరకు రీయింబర్స్‌మెంటే మేలు.

ఉలవపాడు మామిడి:

అమెరికా సంగతి నేను చెప్తాను తమ్ముడూ. గే అని చెప్పుకున్నవాళ్లకే ఇచ్చే స్కాలర్‌షిప్పులు అక్కడ నిజంగానే ఉన్నాయి. కానీ జాబితా చూసి మురిసిపోతే లాభం లేదు, ఒక్కోదానికి గేటు ఎక్కడుందో చూడాలి.

అన్నిట్లో పేరున్నది పాయింట్ ఫౌండేషన్, 2001లో మొదలైంది. డిగ్రీకీ ఇస్తారు, పీజీకీ ఇస్తారు. కాలేజీ అమెరికాలోనే ఉండాలి. డబ్బుతో పాటు ఒక మెంటర్‌ని పెడతారు, నువ్వు ఏటా ఒక సేవా కార్యక్రమం చెయ్యాలి. ‘బయటికి చెప్పుకుని ఉండాలి’ అన్నది వాళ్ల షరతు. దరఖాస్తులు సాధారణంగా నవంబరు నుంచి జనవరి మధ్యలో తీసుకుంటారు. ఎంపికైనవాళ్ల ఫొటో, పేరు, ఊరు, నాలుగు మాటలు వాళ్ల సైట్లో పెడతారు. అది ఇంటర్నెట్‌లో ఎప్పటికీ ఉండిపోతుంది. నీ పేరు ఇంటిపేరుతో సహా కొట్టి వెతికే మేనమామ ఒక్కడున్నా చాలు గదా.

సైన్సు, ఇంజనీరింగ్ వాళ్లకు అవుట్ టు ఇన్నోవేట్ అని ఒకటుంది. అది 5,000 డాలర్లు. నీ కోర్సుకి సరిగ్గా సరిపోయేది అదే. కానీ అది కూడా అక్కడ చదువుతున్నవాళ్లకే.

మిగతావి చాలావరకు మనకు మూసిన తలుపులే. ప్రైడ్ ఫౌండేషన్ది వాషింగ్టన్, ఒరెగాన్, ఐడహో, మోంటానా, అలాస్కా రాష్ట్రాల్లో ఉండేవాళ్లకు. మాథ్యూ షెపర్డ్ పేరు మీద ఐచానర్ ఫౌండేషన్ ఇచ్చేది అయోవా హైస్కూలు పిల్లలకు. నెట్‌లో ‘50 ఎల్‌జీబీటీ స్కాలర్‌షిప్పులు’ అని తిరిగే జాబితాల్లో సగం ఈ బాపతే. ఇంకొన్ని ఎప్పుడో ఆపేసినవి. జాబితాలో పేరు చూసి సంబరపడకుండా, ఆ సంస్థ సైట్లోకే పోయి మూడు ముక్కలు చూడు: ఏ రాష్ట్రం, ఏ క్లాసు, ఏ పౌరసత్వం. రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

వీటి మీద ఎమ్మెస్ బడ్జెట్ కట్టకూడదు, ఎందుకో చెప్తా. యూనివర్సిటీ ఐ-20 (వీసాకి కావాల్సిన అడ్మిషన్ కాగితం) ఇవ్వాలంటే మొదటి ఏడాది ఫీజు, ఖర్చులకు డబ్బు ఉందని ముందే చూపించాలి. చేతికి రాని స్కాలర్‌షిప్పు అక్కడ లెక్కలోకి రాదు. ఈ ఫౌండేషన్లు ఫలితం చెప్పేసరికి నీ ఐ-20, వీసా స్లాటు అన్నీ అయిపోయి ఉండాలి. అంటే ముందు లోనుతోనో అసిస్టెంట్‌షిప్పుతోనో (యూనివర్సిటీలో పని చేస్తే ఇచ్చే డబ్బు) పోవాలి. అక్కడ చేరాక, రెండో ఏడాదికి ఇవి పెట్టుకోవాలి. అప్పటికి ఇంటి నుంచి దూరంగా ఉంటావు, బయటికి చెప్పుకోవాలా వద్దా అన్నది కూడా అక్కడ తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. తొందరేం లేదు.

పూర్తి ఖర్చు ఇచ్చేవాటిల్లో నువ్వు గేనా కాదా అని అడగని పెద్దవి ఉన్నాయి, మనోళ్లు వాటిని వదిలేసి చిన్నవాటి వెంట పడతారు. యూరప్ వాళ్ల ఎరాస్మస్ ముండస్ చూడు. ఫీజు వాళ్లే కడతారు, నెలకు 1,400 యూరోలు చేతికిస్తారు, రెండేళ్ల దాకా. ఉద్యోగ అనుభవం అక్కర్లేని కోర్సులు చాలా ఉన్నాయి, ఫైనలియర్‌లో ఉండగానే పెట్టుకోవచ్చు. దరఖాస్తులు ఎక్కువగా అక్టోబరు, జనవరి మధ్యలో. బ్రిటన్ చెవెనింగ్ కూడా పూర్తి ఖర్చు ఇస్తుంది, కానీ 2,800 గంటల పని అనుభవం కావాలి, చదువయ్యాక రెండేళ్లు ఇండియాలో ఉండాలి. నీకు అది ఇప్పుడే పనికిరాదు. ఎస్సీ కుటుంబం అయితే కేంద్రం వాళ్ల నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు ఉంది: డిగ్రీలో 60 శాతం, వయసు 35 లోపు, ఆదాయం 8 లక్షల లోపు, దేశం మొత్తానికి 125 సీట్లు.

జర్మనీ ఇంకో దారి. సర్కారు యూనివర్సిటీల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మన బోటి వాళ్లకు సెమిస్టర్‌కి 1,500 యూరోలు. కానీ వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంత అని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, మన చదువు కాగితాలు అసలువని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌కి 18,000 రూపాయలు అదనం. స్కాలర్‌షిప్పు దొరక్కపోయినా మొత్తం ఖర్చు అమెరికా కంటే బాగా తక్కువ.

పినాకిని ఎక్స్‌ప్రెస్:

ఫోను నంబరు గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. అసలు చిక్కు అక్కడే.

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ముందు వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చెయ్యాలి, దానికి ఆధార్ కావాలి. ఆధార్ ఓటీపీ ఆధార్‌లో ఉన్న నంబరుకే పోతుంది, నువ్వు ఫారంలో రాసిన నంబరుకి కాదు. కాబట్టి ఏ దరఖాస్తైనా మొదలెట్టకముందే ఆధార్ కేంద్రానికి పోయి నీ నంబరు పెట్టించుకో. 75 రూపాయలు, వేలిముద్ర వెయ్యాలి, కాగితాలేం అక్కర్లేదు. ‘ఎమ్మెస్‌కి అప్లై చెయ్యాలి, ఓటీపీలు నా ఫోనుకే రావాల’ అని ఇంట్లో చెప్పు. అది నిజం కూడా. మీ నాన్న దాంట్లో తప్పు పట్టేదేం ఉండదు.

రెండోది బ్యాంకు. నీ పేరు మీద విడిగా సేవింగ్స్ ఖాతా తెరిచి, ఆధార్ సీడింగ్ ఫారం ఇవ్వు. ఖాతాకి ఆధార్ నంబరు ఎక్కించడం వేరు, సర్కారు డబ్బు ఏ ఖాతాకి పోవాలో చూసే ఎన్‌పీసీఐలో మ్యాప్ చెయ్యడం వేరు. కౌంటర్‌లో ఆధార్ జిరాక్సు తీసుకుని అయిపోయింది పో అంటారు, మ్యాపింగ్ మాత్రం జరగదు. ‘డీబీటీకి (సర్కారు డబ్బు నేరుగా ఖాతాలో పడేదానికి) మ్యాప్ చెయ్యండి’ అని నోరు విప్పి అడగాలి. ఆ తర్వాత ఆధార్ సైట్లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూసి, అక్కడ యాక్టివ్ అని, నీ కొత్త బ్యాంకు పేరు కనపడాలి. ఒక ఆధార్‌కి ఒక్క ఖాతానే మ్యాప్ అయి ఉంటుంది, ఆఖరున చేసిందే చెల్లుతుంది. పాత జాయింట్ ఖాతా మ్యాప్ అయి ఉంటే డబ్బు అక్కడికే పోతుంది, మెసేజ్ అమ్మ ఫోనుకి పోతుంది.

మోసాల సంగతి కూడా వినండి. గే స్కాలర్‌షిప్పు అని పేరు పెట్టి గూగుల్ ఫారం తిప్పుతుంటారు. పేరు, కాలేజీ, ఆధార్ ఫొటో, సెల్ఫీ, ‘మీరు గేనా?’ అని అడుగుతారు. ఆ అయిదూ ఒకచోట చేరాయంటే అది స్కాలర్‌షిప్పు కాదు, రేపు నీ దగ్గర డబ్బు గుంజడానికి పెట్టుబడి. ఏ నిఖార్సైన సంస్థా ప్రాసెసింగ్ ఫీజు అడగదు. ఇప్పటికే ఇరుక్కుని ఉంటే పైసా పంపబాకండి. ఒకసారి పంపితే వాడు మళ్లీ మళ్లీ అడుగుతాడు. చాట్ చెరపకుండా స్క్రీన్‌షాట్లు తీసుకుని 1930కి ఫోన్ చెయ్యండి.

కావలి కుర్రోడు:

చాలా థాంక్స్. ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఎస్‌వోపీలో (ఎందుకు చదవాలనుకుంటున్నామో యూనివర్సిటీకి రాసేది) గే అని, ఇంట్లో బాధలు పడ్డానని రాస్తే సీటు ఖాయం అంటున్నారు. రాయొచ్చా? వీసా వాళ్లు ఇన్‌స్టా చూస్తారని కూడా విన్నా. మా క్లాసులో ఒకడికి తెలిసినప్పటి నుంచి ఎగతాళి చేస్తున్నాడు, స్కాలర్‌షిప్పు గురించి కాలేజీలో అడిగినా ఇంకా ఎక్కువవుతుందేమో.

ఉలవపాడు మామిడి:

సీటు ఖాయం అనేది ఉత్త మాట. ఎస్‌వోపీ చదివే ప్రొఫెసర్ చూసేది ఏం చదివావు, ఏం చేశావు, ఇక్కడికే ఎందుకు వస్తున్నావు అని. క్వీర్ (గే, లెస్బియన్, ట్రాన్స్ లాంటి) పిల్లలకు పనికొచ్చే యాప్ చేశావు, కాలేజీలో ఒక గ్రూపు నడిపావు, అట్టాంటిది ఉంటే రాయి, అది పని. పడని బాధలు కల్పించి రాయబాకు. కన్సల్టెన్సీలో నీ ఎస్‌వోపీ కనీసం ముగ్గురు చదువుతారని కూడా గుర్తుపెట్టుకో. వాళ్లు ఫీజు కోసం మాట్లాడేది మీ నాన్నతోనే గదా. అప్లికేషన్ల కోసం ఈమెయిల్ ఐడీ కూడా వాళ్లే తెరిచి, పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే పెట్టుకుంటారు. కాంటాక్ట్ నంబరు దగ్గర మీ నాన్నది కొడతారు. ఐడీ నువ్వే తెరువు, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వబాకు, సబ్మిట్ నొక్కేముందు ప్రతి పేజీలో ఫోను గడి చూసుకో.

వీసా సంగతి నిజమే. వీసా దరఖాస్తు డీఎస్-160 ఫారంలో గడిచిన అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు రాయాలి. అందులో ఇన్‌స్టా, ఫేస్‌బుక్, యూట్యూబే కాదు, రెడ్డిట్ కూడా ఉంది. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసాలకు ఆ ఖాతాలను పబ్లిక్‌గా పెట్టమంటున్నారు. పబ్లిక్ అంటే ఆఫీసరుకే కాదు, మీ పిన్ని కూతురికీ కనపడుతుంది. ఖాతా దాచిపెట్టి ఫారంలో రాయకపోతే అబద్ధం కిందికి వస్తుంది, అది ఇంకా ప్రమాదం. అందుకని వీసాకి ఆరేడు నెలల ముందే కూర్చుని పాత పోస్టులు, ట్యాగులు, కామెంట్లు చూసుకుని, ఇంట్లోవాళ్ల కంట పడకూడనివి తీసెయ్. స్నేహితులు పెట్టిన ఫొటోల్లో నీ ట్యాగు తీసెయ్యడం మర్చిపోతారు అందరూ, బయటపడేది అక్కడే. ఇంటర్వ్యూ హైదరాబాద్‌లోనే అని లేదు, మనకు చెన్నై దగ్గర, స్లాటు దొరికితే అక్కడ పెట్టుకో. వీసా ఫీజు 185 డాలర్లు, సెవిస్ (విదేశీ విద్యార్థుల రికార్డు ఫీజు) 350 డాలర్లు. ఈ రెండూ వీసా రాకపోయినా తిరిగి రావు.

మొలగొలుకులు:

ఎగతాళి గురించి. యూజీసీ ర్యాగింగ్ నిబంధనలకు 2016లో సవరణ చేశారు, లైంగికత పేరు మీద ఏడిపించినా, వెలేసినా అది ర్యాగింగే. అదే ఏడు చదివేవాడు చేసినా అంతే, సీనియరే అయ్యుండాలని లేదు. హెల్ప్‌లైన్ 1800-180-5522. పేరు చెప్పకుండానూ ఫిర్యాదు చెయ్యొచ్చు. అయితే అందులో ‘నేను గే’ అని రాయాల్సిన పని లేదు. వాడు ఏమన్నాడు, ఏ రోజు, ఎక్కడ, ఎవరెవరు విన్నారు, అంతవరకు రాస్తే చాలు. మీ కాలేజీ మీద నమ్మకం లేకపోతే ముందు వాట్సాప్ మెసేజ్‌లు దాచిపెట్టుకో.

స్కాలర్‌షిప్పు గురించి కాలేజీలో అడగడానికి భయపడబాకు. స్కాలర్‌షిప్ సెక్షన్ గుమాస్తా దగ్గర మాట్లాడాల్సింది ఆదాయం సర్టిఫికెట్, బోనఫైడ్, బ్యాంకు పుస్తకం గురించే.

ఇంకో మాట, ఎమ్మెస్ ఒక్కటే దారి అనుకోబాకు. గేట్ రాసి ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400, 24 నెలలు. ఇంటి ఆదాయం అడగరు, నాన్న సంతకం అక్కర్లేదు. రేపు ఇంట్లో తెలిసి గొడవైనా ఆ డబ్బు ఆగదు. ఆదాయం మీద ఇచ్చే స్కాలర్‌షిప్పులన్నిటితో ఉన్న తిప్పలు అదే: ఇంట్లోంచి వెళ్లగొట్టినా కాగితం మీద మీ నాన్న ఆదాయమే చూస్తారు. రిలయన్స్ ఫౌండేషన్ పీజీ స్కాలర్‌షిప్పు కూడా ఉంది, ఏటా 100 మందికి, మొత్తం కోర్సుకి ఆరు లక్షల దాకా. కంప్యూటర్స్ వాళ్లు పెట్టుకోవచ్చు, పీజీ మొదటి ఏట్లో ఉండాలి. ఐఐటీ మద్రాసులో వన్నం అని క్వీర్ విద్యార్థుల బృందం ఉంది, ఐఐటీ బాంబేలో సాథీ ఉంది. నెల్లూరు స్టేషన్లో రైలెక్కితే మద్రాసు ఎంత దూరం?

గేట్ రాయడానికి ఫైనలియర్ దాకా ఆగాల్సిన పని లేదు, మూడో ఏట్లో ఉన్నవాళ్లూ రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. రిజిస్ట్రేషన్ ఆగస్టు ఆఖరులో మొదలవుతుంది, పరీక్ష ఫిబ్రవరిలో. నెల్లూరులో, ఒంగోలులో సెంటర్లు పడుతుంటాయి. ఆ స్టైపెండుకి బ్యాంకు ఖాతా నీ ఒక్కడి పేరు మీదే ఉండాలి, జాయింట్ ఖాతా కుదరదు, జన్‌ధన్ లాంటి పరిమితులున్నదీ కుదరదు. పైన పినాకిని చెప్పిన ఖాతా తెరిచేటప్పుడే మామూలు సేవింగ్స్ ఖాతా అని అడిగి తెరువు, మళ్లీ రెండోసారి బ్యాంకు చుట్టూ తిరిగే పని తప్పుతుంది.